వెడల్పాకులు

రాగి మొలిచి ఇరవై ఆరు దినాలు.
మార్గశిరం మంచు ఆకు మీద ఇంకా ఆరలేదు.
బైరెడ్డిపల్లె మందుల అంగడాయన
పొడి తూచి ఆరు పొట్లాలు కట్టిస్తా చెప్పినాడు:
"ఇది సన్నాకును ముట్టదు,
వెడల్పాకును వదలదు."

అంత తేలికా అనుకున్నా.
ఆకు అడ్డం కొలిచి
ఎవురు మనోళ్లో ఎవురు కాదో తేల్చేస్తుందా!

అరెకరా కయ్య. ట్యాంకుకో పొట్లం.
తుపాను వాన తేమ నేలలో ఇంకా ఉండాది,
ఆ తేమకే రాగి కంటే ముందు కలుపు లేచింది.

పోయిన ఏడు ఇదే కయ్యలో
కుప్పమ్మా, ఇంకో నలుగురూ
మూడు దినాలు కూచోని కూచోనే జరిగినారు.
ప్రతి మొక్కనీ పేరు పెట్టి పిలిచేది కుప్పమ్మ.
దుగ్గలాకా, రావే.
చెంచలాకా, నువ్వెప్పుడొచ్చినావే.
గంగపాయలాకును పెరికేటప్పుడు మాత్రం
వేరు తెగకుండా మట్టి దులిపి
వొడిలో వేసుకునేది.
పొద్దుకూకితే ఆ వొడి పొయ్యి మీద పుల్లగూర.
మా సంగటిలోకీ ఒక గిన్నె వచ్చేది,
దాంట్లో ఏ ఆకు ఎంతుందో
నేనెప్పుడూ అడగలేదు.

ఈ ఏడు ఆమెకు మోకాళ్లు పట్టేసినాయి.
ఆ నలుగురూ తెల్లారి ఐదుకే
బట్టల కంపెనీ బస్సెక్కుతా ఉండారు.
పిలిస్తే నవ్వినారు,
"నువ్వూ రాన్నా, కుర్చీ ఇస్తారు" అని.

సరే, ట్యాంకు భుజానికెత్తినా.

మొదటి ట్యాంకు, రెండోది, మూడోది.
నాజిల్ నుంచి విసనకర్ర మాదిరి నీళ్లు.
నాలుగో దాంట్లో తూర్పు గాలి లేచింది.
అప్పుడు గుర్తొచ్చింది
అంగడాయన చెప్పిన రెండో మాట:
గాలి ఉంటే కొట్టొద్దు.
పడమటి గట్టు అవతల ఖలందర్ టమోటా,
కట్టెలు నాటి, దారాలు కట్టి,
పూత మీద ఉండాది.

ఇంకా రెండే కదా అనుకున్నా.

ఐదో దినానికి కలుపు మెడలు తిరిగినాయి.
కాడలు మెలికపడి
వెనక్కి ఎవరినో చూస్తున్నట్టు.
రాగి మాత్రం నిట్టనిలువు.
గట్టు మీద కూచోని బీడీ కాల్చుకున్నా.
మూడు దినాల కూలి మిగిలిందని లెక్క వేసుకున్నా.
సంతోషం కాలేదని చెప్పను.

వారం పోయినాక ఖలందర్ వచ్చినాడు.
చేతిలో టమోటా కొమ్మ.
ఆకు ఆకు కాదు, మేక తోక.
సన్నగా సాగి, చుట్టుకోని.
"వైరసంటన్నా. రెండు మందులు కొట్టేసినా,
పదకొండు వందలు.
నువ్వేమన్నా చూసినావా ఇట్లాటిది?"

నేను కొమ్మను తిప్పి చూసినా.
ఇంకోసారి తిప్పి చూసినా.
టమోటాది కూడా వెడల్పాకే.

నోట్లో మాట తయారవుతా ఉండగానే
ఎగవ గట్టు మీద టక్, టక్ మని కట్టె.
కుప్పమ్మ.
మోకాలికి గుడ్డ చుట్టుకోని,
కూలికి కాదు, కూరకు వచ్చింది.
గట్టు వారన మందు సగం తగిలి
ఇంకా పచ్చగా ఉన్న దుగ్గలాకు దగ్గర
వొంగింది.
వొడి పట్టింది.
"రావే" అంది.

"కోయొద్దు!"
అరిచినట్టే అన్నా.

"ఏం? దీనికేమయింది?"

ఆమె చెయ్యి ఆకు మీదే ఉండాది.
ఖలందర్ కొమ్మ పట్టుకోని
నా పక్కనే నిలబడి ఉండాడు.
ఒక మాట చెప్తే
ఇద్దరికీ చెప్పినట్టే.

"మందు కొట్టినాను కుప్పమ్మా.
ఆ పొద్దు గాలి ఉన్నింది."

ఆమె ఆకు వదిలేసి
చెయ్యి చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది.
ఖలందర్ ఏమీ అనలేదు.
పడమటి గట్టు వైపు చూసి,
నా కయ్య వైపు చూసి,
చేతిలో కొమ్మను
జాగ్రత్తగా, విరగకుండా,
మా ఇద్దరి మధ్య నేల మీద పెట్టినాడు.